అప్పజెప్పడం చదవడం కాదు

కొత్తగా ఉపాధ్యాయ ఉద్యోగంలో చేరినవాళ్లు కొందరు అప్పుడప్పుడు నన్ను చూడడానికి వస్తుంటారు. పాఠ్యపథకం ఎలా రాయాలి, తనిఖీకి వచ్చిన అధికారికి ముందుగా ఏ రికార్డు చూపించాలి, బదిలీల్లో ఏ ఊరు కోరుకోవాలి అని అడుగుతారు. ఇవన్నీ ఏడాది తిరిగేలోగా ఎవరూ చెప్పకుండానే తెలుస్తాయి. అందువల్ల వాటిని వదిలేసి, ఎవరూ అడగని ఒక విషయం రాస్తాను. కాగితం మీది గీతలను చూసి, వాటిని ధ్వనులుగా మార్చుకుని, ఆ ధ్వనులను కలిపి ఒక మాటగా పలకడం చిన్నపిల్లకు ఎలా వస్తుందన్నదే ఆ విషయం. ఇప్పుడు దాన్ని ఫోనిక్స్ అంటున్నారు. వేసవి శిబిరాలు కూడా నడుపుతున్నారు. మా రోజుల్లో దానికి పేరు లేదు. పేరు లేకపోవడం వల్ల కొంత, నా గర్వం వల్ల చాలా, ఆ పని నాకు ఆలస్యంగా తెలిసింది. ఆ ఆలస్యం వల్ల నష్టపోయింది నేను కాదు. నన్ను నమ్మి నా ముందు కూర్చున్న పిల్లలు.

వాదనలో గెలిచాను

తొంభైల చివర నాకు ఉద్యోగం వచ్చింది. చిలకలూరిపేటలో బస్సెక్కి, ప్రకాశం జిల్లా సరిహద్దుకు కాస్త ఇవతల దిగి, రెండు కిలోమీటర్లు నల్లరేగడి దారిలో నడిస్తే మా బడి. వాన పడితే చెప్పులు చేత్తో పట్టుకుని నడవాల్సిందే. దారికి ఒక పక్క పత్తి, ఇంకో పక్క మిరప. ఐదు తరగతులకు రెండు గదులు, ఒక వరండా, ఇద్దరు ఉపాధ్యాయులం. ఒకరు ప్రధానోపాధ్యాయులు వెంకటప్పయ్య మాస్టారు. రెండో మనిషిని నేను.

గుంటూరులో డిగ్రీ చదివే రోజుల్లో నేను కళాశాల వాదోపవాదాల జట్టులో ఉండేదాన్ని. మిగిలినవాళ్లు చీటీ తీసి ఏ పక్షం వస్తే ఆ పక్షాన మాట్లాడేవారు. నాకు అది నచ్చేది కాదు. నిజమని నమ్మిన మాటనే సమర్థించాలని పట్టుబట్టేదాన్ని. ఇప్పుడు ఆలోచిస్తే, నమ్మకం లేకుండా వాదించేవాడి కంటే నమ్మకంతో వాదించేవాడే ప్రమాదకరం. మొదటివాడికి తన మాట తప్పు కావచ్చునన్న సంగతి కనీసం గుర్తుంటుంది.

నేను చేరేనాటికి ఒకటి, రెండు తరగతులు మాస్టారే చూసేవారు. ఉదయం బడి మొదలవగానే వరండా దద్దరిల్లేది. "కకు తలకట్టిస్తే క, కకు దీర్ఘమిస్తే కా, కకు గుడిస్తే కి" అంటూ పిల్లలు ఊగుతూ గుణింతం చెప్పేవారు. నాకు ఆ దృశ్యం చూస్తే ఒళ్లు మండేది. ఉద్యోగంలో చేరేముందు మాకిచ్చిన శిక్షణలో, పిల్లకు ముందు మాట చూపాలి, వాక్యం చూపాలి, కథ చెప్పాలి, అక్షరాలు వాటంతటవే పట్టుబడతాయి అని చెప్పారు. నాకు అది న్యాయంగా తోచింది.

మండలంలోని ఉపాధ్యాయులంతా నెలకొకసారి కలిసే సమావేశంలో నేను ఈ విషయం ఎత్తాను. మూడు వాదనలు వరసగా పెట్టాను. పిల్ల మాట్లాడడం నేర్చుకున్నది మాటలతో తప్ప అక్షరాలతో కాదు. అర్థం లేని అక్షరాన్ని పలికించడం పిల్ల బుద్ధిని అవమానించడం. విసుగు పుట్టించే చదువు చదువే కాదు. చివరగా మాస్టారి వైపు తిరిగి, మీ అభిప్రాయం చెప్పండి అన్నాను. ఆయన లేచి, కళ్లద్దాలు సర్దుకున్నారు.

"అమ్మాయ్, నువ్వన్న మూడింటికీ నా దగ్గర జవాబు లేదు. కానీ నాకు జవాబు తోచకపోవడం వేరు, నువ్వన్నది సరి కావడం వేరు."

"అయితే ఎక్కడ సరి కాదో చెప్పండి మాస్టారూ!"

"అది చెప్పగలిగితే జవాబు ఉన్నట్టేగా తల్లీ!"

హాలంతా నవ్వింది. నవ్వింది ఆయన్ని చూసి. నేనూ నవ్వాను.

తిరుగు బస్సులో ఆయన నా పక్కనే కూర్చున్నారు. కోపంగా ఉంటారనుకున్నాను. "ఒకటీ రెండూ ఇకనించి నువ్వే తీసుకో. నీ పద్ధతిలోనే చెప్పు. నేను అడ్డం రాను" అన్నారు. అన్నట్టే, అడ్డం రాలేదు. అంతకంటే మంచి పై అధికారి తర్వాత నాకు దొరకలేదు. ఆ మాట అప్పుడే గ్రహించి ఉంటే బాగుండేది.

పాటలాంటి చదువు

నా తరగతి అందంగా ఉండేదని ఇప్పటికీ చెప్పగలను. గోడల నిండా బొమ్మలు, బొమ్మల కింద వాక్యాలు. పాఠం నేను ముందు చదివేదాన్ని, పిల్లలు వెంట పలికేవారు, పుస్తకంలో వాక్యాల కింద వేళ్లు జరుపుకుంటూ వచ్చేవారు. ఆ గొంతులు కలిసినప్పుడు దారిన పోయే కూలీలు కిటికీ దగ్గర ఆగి వినేవారు. పిల్లలు పలకలను ఆకుపసరుతో రుద్దేవారు. ఆ పచ్చి వాసన, బలపం పొడి, మిరప తోటల మీదినుంచి వచ్చే ఘాటు, అన్నీ కలిసి ఆ గదికి ఒక వాసన ఉండేది. ఎక్కడ తగిలినా ఇప్పుడు కూడా గుర్తుపడతాను.

ఆ గొంతుల్లో అన్నిటికంటే పైకి వినిపించేది సువార్త అనే పిల్లది. వాళ్లమ్మ కరుణమ్మ కూలికి పోయేది, తండ్రి లేడు. మొదటి ఏడాది ముందుపళ్లు రెండూ ఊడి ఉండేవి, అయినా మాట ఖంగుమనేది. రెండో తరగతికి వచ్చేసరికి, పుస్తకం తెరిచి ఏ పాఠమైనా మొదటినుంచి చివరిదాకా, వేలు జరుపుకుంటూ, ఎక్కడా తడబడకుండా చదివేది.

ఆ ఏడు వానాకాలంలో మండల విద్యాధికారి తనిఖీకి వచ్చారు. సువార్త లేచి రెండు పేజీల పాఠం ఒక్క బిగిన చదివింది. ఆయన ముగ్ధుడైపోయారు.

"అక్షరమాల చెప్పకుండానే ఇంత చదివించారా?"

"అవును సార్" అన్నాను. ఆ 'అవును'లో ఎంత పొగరుందో నాకే తెలుసు.

గుమ్మంలో నిలబడిన మాస్టారు మెల్లగా, "సార్, వేరే పేజీ ఏదైనా ఇచ్చి చూస్తారా, ఇంకా చెప్పని పాఠం?" అన్నారు.

"అక్కర్లేదు మాస్టారూ, ఇది చాలు" అన్నారు ఆయన, గడియారం చూసుకుంటూ.

నేను ఆ రోజు మాస్టారిది అసూయ అనుకున్నాను. ఆయన అడిగింది అసలైన ప్రశ్న. ప్రశ్నలు అడగడమే విద్యగా పెరిగిన నేను, ఎదుటివాడు అడిగిన ప్రశ్నను వినడం నేర్చుకోలేదు.

పండగ ఉదయం

డిసెంబరు రెండో వారంలో కరుణమ్మ బడికి వచ్చింది. చెంగుతో మొహం తుడుచుకుంటూ, సంతోషం ఆపుకోలేకుండా నిలబడింది.

"టీచరమ్మగారూ, పండగనాడు గుళ్లో మా పిల్ల వాక్యం చదువుద్దండీ. పాస్టరుగారు ఒప్పుకున్నారు. ఇంతవరకు పెద్దోళ్లే చదివారు, పిల్లకాయలు చదవలా. మీరు రావాల. రాకపోతే ఊరుకోను."

వెళ్లాను. రేకుల కప్పు కింద చిన్న ప్రార్థన మందిరం. రంగుకాగితాల తోరణాలు, గుమ్మం ముందు వెదురుబద్దలతో కట్టిన నక్షత్రం. నన్ను ముందు వరసలో చాప మీద కూర్చోబెట్టారు. కరుణమ్మ నా పక్కన కూర్చుంది, కొత్త చీరలో.

పాస్టరుగారు గ్రంథం తెరిచి, ఆ ఉదయం చదవాల్సిన భాగం చూపించి సువార్త చేతికిచ్చారు. పిల్ల గొంతు సవరించుకుని, పేజీ మీద వేలు పెట్టి, మొదలుపెట్టింది. ఎంత చక్కగా చెప్పిందో! కాని నాలుగు మాటలు దాటేసరికి, ఒళ్లో పుస్తకాలు పెట్టుకున్న పెద్దవాళ్లు తలలెత్తి ఒకరినొకరు చూసుకోసాగారు. తెరిచిన భాగం ఒకటి, పిల్ల చెబుతున్నది వేరొకటి. ఆదివారం బడిలో వారానికొక వాక్యం పిల్లల చేత కంఠతా పట్టిస్తారు. సువార్త ఒక్క వారం కూడా తప్పలేదు. అలా నేర్చుకున్న వాక్యాల్లో ఒకదాన్ని, పేజీ మీద వేలు జరుపుకుంటూ, అప్పజెప్పేస్తోంది.

పాస్టరుగారు వంగి, మెత్తగా, "అది కాదు తల్లీ. ఇదిగో, ఈ వరస చదువు" అని వేలు పెట్టి చూపించారు.

సువార్త ఆ వరస చూసింది. తర్వాత నన్ను చూసింది. ఆ చూపులో భయం లేదు, న్యాయం అడిగే భావం ఉంది.

"ఆ పాఠం మా టీచరుగారు ఇంకా చెప్పలేదండీ!"

మందిరం గొల్లుమంది. వెనక నుంచి ఎవరో, "టీచరుగారు చెప్పందే అది ఊపిరి కూడా తీసుకోదురా!" అన్నారు. మళ్లీ నవ్వులు. కరుణమ్మకు ఏం జరిగిందో అర్థం కాలేదు. కూతురు చెప్పిందీ దేవుడి వాక్యమే, తడబడకుండా చెప్పింది. ఎందుకు నవ్వుతున్నారో తెలియక, తనూ కాసేపు నవ్వు మొహం పెట్టింది. పక్కావిడ చెవిలో చెప్పాక ఆ నవ్వు ఆగిపోయింది.

ఆరాధన అయ్యాక నక్షత్రం కింద నన్ను నిలబెట్టి అడిగింది.

"నాకు చదువు రాదు టీచరమ్మగారూ. అది పుస్తకం పట్టుకుని గడగడా చెప్తంటే చదువుతుందనుకున్నా. మీకు వచ్చుగదా. మీరెట్టా అనుకున్నారు?"

కళాశాల వేదికల మీద నన్ను చాలామంది చాలా అడిగారు. అంత చిన్న ప్రశ్న ఎవరూ అడగలేదు.

రెండు రకాల బట్టీ

సెలవులయ్యాక ఒక ఉదయం నా పిల్లలందరినీ ఒక్కొక్కరిగా పిలిచాను. బొమ్మ మీద చెయ్యి అడ్డం పెట్టి, పాఠం చివరి వాక్యం ముందు చదవమన్నాను. ఇద్దరు ముగ్గురు తప్ప ఎవరూ చదవలేకపోయారు. కొందరు మొదటి వాక్యం నుంచి లోలోపల గొణుక్కుంటూ వచ్చి, చివరి వాక్యం దగ్గర గొంతు పెంచారు. ఏడాదిన్నర పాటు నేను నేర్పింది పాట. పుస్తకం వాళ్ల చేతిలో తాళమంతే.

మాస్టారి దగ్గరికి వెళ్లి జరిగింది చెప్పాను. 'నేను ముందే అనలేదా' అంటారని సిద్ధపడ్డాను. ఆయన అనలేదు. తన నాలుగో తరగతి నుంచి ఒక పిల్లను పిలిచి, పలక మీద 'మీ' అని రాసి చూపించారు. ఆ పిల్ల వేళ్లు మడుచుకుంటూ, "మ, మా, మి, మీ" అని లెక్కపెట్టి, "మీ అండీ!" అంది.

"చూశావా అమ్మాయ్? వరసలో మొదటినించి రాందే దీనికి అక్షరం తెలీదు. నేను చెప్పింది గుణింతం బట్టీ, నువ్వు చెప్పింది వాక్యం బట్టీ. ఇద్దరం ఒకే గోతిలో అటొకరం ఇటొకరం దిగాం."

"ఇన్నేళ్లూ మీకు తెలుసా మాస్టారూ?"

"తెలుసు. చాలామంది పిల్లలు ఎట్టాగో గట్టెక్కేవాళ్లు. గట్టెక్కనివాళ్లు కోతలకి పోయేవాళ్లు. బళ్లో లేని పిల్ల తప్పు చదివినా మనకి వినపడదుగా."

అంత నిజాయితీగా తన తప్పు ఒప్పుకున్న మనిషిని ఈ ఉద్యోగంలో నేను మళ్లీ చూడలేదు. ఆ మధ్యాహ్నం వరండాలో కూర్చుని ఇద్దరం ఒక దారి ఆలోచించాం. అక్షరాలన్నీ కాదు, ముందు ఆరే ఆరు: ప, ల, క, త, మ, ర. అవి కూడా వరసలో కాదు. ఆ ఆరింటితో పలక వస్తుంది, తల వస్తుంది, కలప, మరక, కమల వస్తాయి. చదివిన మాట ఆ పూటే రాయాలి, రాసిన మాట ఆ పూటే చదవాలి. ఈ రెండో నియమం మాస్టారిది. "చెవి, నోరు, చెయ్యి, కన్ను. నాలుగూ ఒక్కచోట కలవకపోతే అక్షరం నిలవదు" అన్నారు.

దారి దొరికింది. కాని సువార్త బడిలో లేదు. మిరప కోతలు మొదలయ్యాయి. కరుణమ్మ పిల్లను వెంటబెట్టుకుని పోతోంది. నేను వాళ్లింటికి వెళ్లి బతిమాలాను. ఆవిడ పొయ్యి ఊదుతూ, తలెత్తకుండా చెప్పింది.

"కోతలయ్యేదాకా చూస్తానండీ. ఈలోపల దానికి నిజంగా చదవడం వస్తే బళ్లో ఉంటది. రాకపోతే నాతోనే కూలికి వస్తది. పాటలు పాడుకోడానికైతే చేలో కూడా పాడుకోవచ్చుగా."

కళ్లం దగ్గర

పిల్ల బడికి రాకపోతే బడే పిల్ల దగ్గరికి పోవాలి. మాస్టారు మధ్యాహ్నం గంటకు అరగంట ముందే నన్ను పంపి, ఐదు తరగతులూ ఒక్కరే చూసుకునేవారు. ఊరికి కిలోమీటరు దూరంలో, కాయలు ఆరబోసే కళ్లం. నేలంతా ఎర్రగా పరిచి ఉండేది. ఆడవాళ్లు ముక్కులకు చెంగులు కట్టుకుని కాయలు తిరగేసేవారు. సువార్తలాంటి పిల్లలు ఒక పక్కన కూర్చుని, రంగు పోయిన తాలుకాయలు ఏరేవారు. మొదటి రోజు నేను చెప్పిన పాఠం కంటే తుమ్మిన తుమ్ములే ఎక్కువ.

అన్నాలు తినే వేళ సువార్త పక్కన కూర్చునేదాన్ని. చేతులు రెండుసార్లు కడుక్కుంటేగాని పలక ముట్టుకోనిచ్చేదాన్ని కాదు, కళ్లు నలుపుకుంటుందని. మొదట్లో ఒక్కో అక్షరం విడిగా పలికేది. "ప. ల. క." అంతే, అక్కడితో ఆగిపోయేది. "కలిపితే ఏంటి?" అంటే తెల్లబోయి చూసేది. అక్షరాలు తెలియడం ఒక పని, కలపడం ఇంకో పని అని నాకు ఏ శిక్షణలోనూ చెప్పలేదు. అందుకని పలక పక్కన పెట్టి, ముందు చెవికి పని చెప్పాను.

"నేను ముక్కలు చేసి చెప్తా, నువ్వు కలిపి చెప్పు. గో. తం."

సువార్త ఆలోచిస్తుంటే, అటు అన్నం తింటున్న ఒకావిడ అరిచింది: "గోతం!"

"నిన్నడిగిందా?" అని ఇంకొకావిడ కసిరి, "ఇంకోటి చెప్పండి టీచరమ్మగారూ, నేను చెప్తా" అంది.

"క. లు. పు."

"కలుపు!" అని నలుగురైదుగురు ఒక్కసారి.

"ఇదేనా చదువంటే? ఇది మాకూ వచ్చండోయ్!"

"సగం వచ్చినట్టే" అన్నాను. అది మర్యాదకు అన్న మాట కాదు. మాటను ముక్కలుగా వినడం, ముక్కలను మాటగా కలపడం చదువులో నిజంగా సగం పని. ఆ కళ్లంలోని ఆడవాళ్లకు మిగిలిన సగం ఎవరూ ఇవ్వలేదు. ఆ రోజు నుంచి మధ్యాహ్నం అది వాళ్ల ఆటయింది. ఒక్క కరుణమ్మే ఆటలో కలిసేది కాదు. వీపు మాకేసి తిప్పి, వింటూ ఉండేది.

పదిరోజులకు సువార్త కలపడం పట్టుకుంది. మధ్యలో ఊపిరి తీసుకోకుండా ఒక ధ్వని నుంచి ఇంకోదానికి సాగదీసేది. అయినా నాకు అనుమానం పోలేదు. దాని జ్ఞాపకశక్తి నన్ను ఒకసారి మోసగించింది, ఇంకోసారి మోసపోదలచుకోలేదు. అందుకని ఒక మధ్యాహ్నం నేల మీద కందిపుల్లతో 'లతప' అని రాశాను.

"ల… త… ప. లతప." పిల్ల మొహం చిట్లించింది. "అట్టాంటి మాటే లేదండీ!"

"లేదుగా. మరి ఎట్టా చదివావు?"

సువార్త నేల వైపు చూసింది, నా వైపు చూసింది, పకపకా నవ్వింది. తర్వాత పుల్ల లాక్కుని 'కరమప' అని రాసి, "ఇప్పుడు మీరు చదవండి" అంది. ఎవరూ ఎప్పుడూ అనని మాటను ఎవరూ బట్టీ పట్టలేరు. అది చదివిన రోజే ఆ పిల్ల మొదటిసారి చదివింది.

తర్వాత మిగిలిన అక్షరాలు, దీర్ఘం, గుడి, కొమ్ము, ఏత్వం ఒక్కొక్కటిగా చెప్పాను, వరస పాట లేకుండా. 'మ' రాసి గుడి పెట్టి, నోరు ఎట్టా మారిందో నా మొహం చూసి చెప్పమనేదాన్ని. 'మిరప' అని రాస్తే, చదివి, కళ్లంలోకి వేలు చూపించింది. ఒత్తులు మాత్రం పూర్తిగా పట్టుబడలేదు. కోతలు చివరికొచ్చేశాయి.

నిక్కచ్చిగా రెండు మాటలు

ఇక్కడ ఆగి కొత్తవాళ్లకు రెండు మాటలు చెప్పాలి. ధ్వనులు చెప్పడం మొదలుపెట్టాక నేను కథలు మానలేదు. మానినవాళ్ల తరగతులు తర్వాత చూశాను. అక్కడ పిల్లలు చక్కగా కలిపి చదువుతారు, చదివినదానిలో ఏముందని అడిగితే బిత్తరపోతారు. కథ కోసం చదవాలి, చదవడం కోసం ధ్వని పట్టుకోవాలి. ఒకదాన్ని చూపి రెండోదాన్ని కాదనేవాళ్లతో వాదనకు దిగకండి. నేను దిగి గెలిచాను. ఏమైందో పైన రాశాను.

రెండోది. నేను తప్పుగా చెప్పిన ఆ ఏడాదిన్నర పిల్లలందరికీ తిరిగి ఇవ్వలేకపోయాను. ఉదయం పూట తరగతిలో మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టినా, ఒక పిల్ల తల్లిదండ్రులు మాఘమాసంలోనే దాచేపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీ పనికి వెళ్లిపోయారు. ఆ పిల్ల కూడా నా పాఠాలన్నీ అప్పజెప్పేది. అక్కడి బడిలో అది చదువుతున్నట్టు నటించిందో, ఎవరైనా కనిపెట్టారో, నాకు తెలియదు. ఉద్యోగ జీవితంలో నన్ను వదలని మొహం అది.

కరుణమ్మ పరీక్ష

కోతలైపోయాయి. నేను ఒక పాఠం ఎంచి సువార్త చేత తల్లి ముందు చదివిస్తానని కబురు పంపాను. కరుణమ్మ తిరుగు కబురు పంపింది: "మీరు పెట్టొద్దు. మీరు పెడితే దానికి తెలిసిందే పెడతారు. నేనే చూసుకుంటా."

చదువు రాని మనిషి చదువును ఎలా పరీక్షిస్తుంది? నేనూ మాస్టారూ అదే అనుకున్నాం.

వారం తర్వాత ఒక శుక్రవారం, ప్రార్థన అయి పిల్లలు కూర్చున్నాక, ఆవిడ ఒక్కతే బడికి వచ్చింది. నన్ను పలకరించకుండా నేరుగా మాస్టారి బల్ల దగ్గరికి వెళ్లింది. రొంటిన దోపుకున్న కాగితం తీసి ఇచ్చింది. నూనె మరకలతో, ఒక పక్క చిరిగిపోయిన వార్తాపత్రిక ముక్క. పేటలో బజ్జీలు కట్టిచ్చిన కాగితం.

"ఇది కొంచెం చదివి పెట్టండి మాస్టారూ. నిదానంగా."

మాస్టారికి సంగతి తెలియదు. కాగితం వెలుతురుకు పెట్టి చదివారు. పొన్నూరు వైపు కాలువలకు నీళ్లు వదలడం ఆలస్యమైందని, నారుమళ్లు ఎండుతున్నాయని, రైతులు అధికారుల దగ్గరికి వెళ్లారని, వాళ్లు వారంలోగా నీళ్లు వదులుతామని హామీ ఇచ్చారని. కరుణమ్మ కళ్లు మూసుకుని వింటోంది. పెదాలు కదులుతున్నాయి. ఆయన పూర్తి చేశాక కళ్లు తెరిచింది.

"ఆ చివర, హామీ ఇచ్చారన్న మాట, దాంట్లో ఉందాండీ?"

మాస్టారు కాగితం మళ్లీ చూశారు. "లేదమ్మా. అక్కడ చిరిగిపోయింది. అట్టాగే ఉంటుందని నేనే కలిపాను."

"అదీ! మా పిల్ల కలపలా. 'ఇక్కడ చిరిగిందమ్మా, లేదు' అంది. నిన్న పొద్దున ఒకసారి చదివించా, సాయంత్రం ఇంకోసారి చదివించా. రెండుసార్లూ అక్కడే ఆగింది."

మాస్టారు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. నేను నా తరగతి వదిలి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాను. కరుణమ్మ నా వైపు తిరిగింది.

"ఇంకో రెండు చోట్ల కూడా ఆగిందండీ. ఒత్తులున్నయ్యంట, రాలా దానికి. ఏదో ఒకటి చెప్పి పోవచ్చుగా, నాకేం తెలుస్తది? పోలా. ఆగి, వేలు పెట్టి చూసి చూసి, రావట్లేదమ్మా అంది. పండగనాడు అది ఒక్కచోట కూడా ఆగలేదు గదండీ. ఇప్పుడు ఆగతంది. ఆగతందంటే చూస్తందన్నమాట."

ఏడాదిన్నర పాటు నేను, నాలుగు నిమిషాల పాటు అధికారి, తడబాటు లేకపోవడాన్నే చదువనుకున్నాం. ఒక్క అక్షరం రాని మనిషి తడబాటులోనే చదువును పట్టుకుంది.

"సోమవారం నించి వస్తది" అంది కరుణమ్మ. కాగితం కోసం చెయ్యి చాపింది. మాస్టారు ఇవ్వబోయి, "ఇదెందుకమ్మా ఇంకా?" అన్నారు.

"నాక్కాదండీ, దానికి." కాగితం మడిచి మళ్లీ రొంటిన దోపుకుంది. "ఆ చిరిగిన ముక్కలో ఏముందని నిన్నట్నించి నా పేణం తీస్తంది. ఆ నీళ్లు వదిలారంటనా, లేదంటనా? మీలో ఎవరికన్నా తెలిస్తే చెప్పండి."

మా ఇద్దరిలో ఎవరికీ తెలియదు.